చేతికి ఊత, గురికి నిలకడ

సూరత్ పేరు వినగానే జరీ చీరలు, వజ్రాలు జ్ఞప్తికి వస్తాయి. వేట, తుపాకి ఎవరి తలపునకూ రావు. అయినా ఆ నగరంలో వజ్రాలు సానపట్టే కార్మికుని కొద్దిసేపు గమనించినవారికి వేటగాడు నేర్వవలసిన మొదటి పాఠం అక్కడే కంటబడుతుంది. గిర్రున తిరిగే సానచక్రం మీద ఆతడు వజ్రాన్ని వట్టి చేతితో అదిమిపట్టడు. వజ్రాన్ని పట్టి ఉంచే పనిముట్టుకు రెండు కాళ్లు ఉంటాయి. ఆ కాళ్లు బల్లమీద ఆనుతాయి. మూడవ కాలు వజ్రమే. బరువు బల్ల మోస్తుంది. చేయి దారి మాత్రం చూపుతుంది. వెంట్రుకవాసి తేడాతో రాయి విలువ పడిపోయే పనిలో, ఎంతటి అనుభవశాలి అయినా చేతిని నమ్ముకోడు, ఊతను నమ్ముకొంటాడు.

నాలుగు వందల ఏళ్ల క్రిందట ఇదే సూరత్ రేవులో దిగిన విదేశీయులకు కూడా ఈ సంగతి తెలిసినదే. 1608లో విలియం హాకిన్స్ హెక్టర్ ఓడలో వచ్చినాడు. 1615లో ఇంగ్లాండు రాయబారి సర్ థామస్ రో వచ్చినాడు. ఆ కాలపు ఐరోపా సిపాయి తుపాకితో పాటు ఒక పంగలకర్రను వెంట ఉంచుకొనేవాడు. కర్ర మొనను నేలలో గ్రుచ్చి, బరువైన తుపాకి గొట్టాన్ని పంగలో నిలిపి, గురి చూచేవాడు. మొగలుల కాలపు పొడవైన తుపాకులలో కొన్నింటికి గొట్టం క్రింద రెండు కాళ్ల ఊత ఉండేది. అవి నిప్పుత్రాటితో పేల్చే తుపాకులు. మీట నొక్కిన తరువాత నిప్పు మందుకు అంటుకొని గుండు వెలువడడానికి క్షణకాలం పట్టేది. ఆ క్షణం పాటు గొట్టం కదలకుండా నిలవవలె. కనుకనే చక్రవర్తికి సైతం ఊత అవసరమైనది.

నేటి రైఫిల్ తేలికైనది, వేగమైనది. అయినా లెక్క మారలేదు. తుపాకి పొడవు ఒక మీటరనుకొందాము. మడమ భుజాన కదలక నిలిచినా, కొన ఒక్క మిల్లీమీటరు జరిగితే చాలు, నూరు మీటర్ల దూరంలో గుండు పది సెంటీమీటర్లు తప్పుతుంది. దుప్పి గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఇంచుమించు జానెడు వెడల్పు. కొండ ఎక్కి వగరుస్తున్న మనిషి నిలుచుండి రైఫిల్ ఎత్తితే, గుండె కొట్టుకొన్నప్పుడెల్లా ఆ కొన మిల్లీమీటరును మించి ఊగుతుంది. అది చేతకానితనం కాదు, శరీర ధర్మం.

వేటకు చట్టం అనుమతించే దేశాలున్నవి. న్యూజిలాండ్‌లో జింకలు బయటినుండి తెచ్చి వదలినవి. వాటిని తిని అదుపులో ఉంచే క్రూరమృగాలు అక్కడ లేవు. అందుచేత వాటి సంఖ్యను వేట ద్వారా తగ్గిస్తారు. అటువంటి కొండలలో తిరిగే వేటగాడు ఊతను ఎన్నుకొనే తీరు తెలుసుకోదగినది.

మొదట ఆతడు నేలను చూస్తాడు. బయలు కొండవాలు అయితే బోర్లా పడుకొని, వీపుసంచిని ముందుంచి, దానిపై రైఫిల్‌ను ఆనించడం అన్నింటికన్న నిలకడైన పద్ధతి. గొట్టం క్రింద బిగించే రెండు కాళ్ల ఊత ఇక్కడ పనికివస్తుంది. కాని మోకాలెత్తు గడ్డిలో అది నిరుపయోగం. పడుకొన్నవానికి గడ్డి తప్ప మరేమీ కనబడదు. అక్కడ కూర్చుండి, పైభాగాన కట్టిన రెండు కర్రల పంగలో రైఫిల్‌ను ఉంచవలె. మోచేతులు మోకాళ్లకు కొంచెం ముందుగా ఆనవలె. ఎముక మీద ఎముక నిలిస్తే జారుతుంది. పొదలు ఎత్తుగా ఉన్నచోట నిలుచుండక తప్పదు. అప్పుడు మూడు కాళ్ల ఊత అవసరం. అయితే అది మోతబరువు. రోజంతా నడిచేవాడు మోయలేక గుడారంలో వదిలివచ్చిన ఊత ఎంత మంచిదైనా లేనట్టే. ఏమీ లేనివానికి చెట్టుబోదె ఉన్నది, బండ ఉన్నది. వాటిమీద గొట్టాన్ని నేరుగా ఆనించరాదు. పేలినప్పుడు గట్టి వస్తువు గొట్టాన్ని ఎగదన్ని గురి తప్పిస్తుంది. నడుమ టోపీయో, మడతపెట్టిన కంబళియో ఉంచి, గొట్టాన్ని గాక దాని వెనుకనున్న కర్రభాగాన్ని ఆనించవలె. పిమ్మట ఊపిరి సగం విడిచి, నిలిపి, మీటను మెల్లగా నొక్కవలె.

ఇంత జాగ్రత్త వేటగాని కీర్తికోసం కాదు. గురి తప్పి మాను కొట్టుకొన్న గుండు ఎవరికీ బాధ కలిగించదు. కాని పొట్టలోనో, కాలిలోనో దిగిన గుండు జింకను వెంటనే చంపదు. అది గంటల తరబడి, ఒక్కొక్కప్పుడు రోజుల తరబడి, ఎవరికీ కనబడని పొదలో చస్తుంది. అందుకే బాధ్యత తెలిసిన వేటగాడు ఊత దొరకనప్పుడు మీట నొక్కడు. రైఫిల్ దించి, జింకను పోనిస్తాడు.

జహంగీరు చక్రవర్తి స్వీయచరిత్రలో ఒక లెక్క ఉన్నది. తన పన్నెండవ ఏటినుండి యాభయ్యవ ఏటివరకు వేటలలో 28,532 ప్రాణులు చిక్కగా, వాటిలో 17,167 తన చేతి మీదుగానే పడినవట. చచ్చినవే ఆ లెక్కకెక్కినవి. గాయపడి పారిపోయినవాటికి లెక్క లేదు. అదే చక్రవర్తి, యాభై దాటిన పిమ్మట, మనుమడు షూజా జబ్బుపడినప్పుడు, ఇక తన చేతితో ఏ ప్రాణినీ హింసించనని మొక్కుకొన్నాడు. కొన్నేళ్లకు ఆ వ్రతం సడలినది.

భారతదేశంలో ఆ వ్రతాన్ని చట్టమే స్వీకరించినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో తొలుత లైసెన్సుపై కొన్ని జంతువులను వేటాడే వీలుండేది. 1991 సవరణతో అదియును మూసివేయబడినది. ప్రాణాపాయం వంటి ప్రత్యేక సందర్భాలలో అధికారుల అనుమతి ఉంటే తప్ప, జింకపై గుండు పేల్చడం నేడు నేరం. సూరత్‌కు దక్షిణాన ఒకప్పటి వాన్స్‌దా సంస్థానాధీశుల అడవి 1979లో జాతీయ ఉద్యానమైనది. దానిలోని నాలుగు కొమ్ముల జింకకు ఇప్పుడు గురిపెట్టదగినది కెమెరా ఒక్కటే.

విచిత్రమేమంటే, కెమెరాకు కూడా కావలసినది ఆ పాత ఊతయే. పొడవైన కటకం రైఫిల్ గొట్టం వలెనే చిన్న కదలికను పెద్ద తప్పుగా చేస్తుంది. గింజలు నింపిన సంచిని జీపు అంచున వేసి, దానిపై కటకాన్ని ఆనించి, ఊపిరి నిలిపి, మీట నొక్కే ఛాయాగ్రాహకుడు వేటగాని విద్యనంతా అభ్యసించినవాడే. పులుల ఛాయాచిత్రాలకు ఆద్యుడనదగిన ఎఫ్. డబ్ల్యు. ఛాంపియన్ తన పుస్తకాన్ని 1927లో వెలువరించినాడు. ఆయన స్ఫూర్తితో జిమ్ కార్బెట్ వంటి గురికాడు సైతం కెమెరా చేపట్టినాడు.

ఒక్క భేదం మాత్రం ఉన్నది. ఊత జారితే ఇక్కడ చెడేది బొమ్మ ఒక్కటే. జింక తలెత్తి చూచి, తిరిగి మేతలో పడుతుంది.