నిజాం గారి బీరువా

పురానీ హవేలీలో నిజాం మ్యూజియం చూశారా? మనలో చాలామంది చార్మినార్ దాకా వెళ్ళి, గాజులు కొని, బిర్యానీ తిని వచ్చేస్తాం. ఆ పక్కనే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ (1866-1911) గారి బట్టల బీరువా ఉంది. బీరువా అంటే మనింట్లో గోద్రెజ్ లాంటిది కాదు. పొడుగాటి హాలు మొత్తం, రెండంతస్తుల్లో చెక్క అలమరాలు. పైకెక్కడానికి చేత్తో తిప్పే లిఫ్టు కూడానూ. ఒకసారి వేసుకున్న బట్ట మళ్ళీ ముట్టేవారు కాదని చెప్పుకుంటారు. అందులో కొంత అతిశయోక్తి ఉందనుకున్నా, బీరువా మాత్రం కళ్ళెదురుగానే ఉంది.

మత్తయి సువార్త 6వ అధ్యాయంలో యేసు ప్రభువు, భూమ్మీద సొమ్ము కూడబెట్టుకోవద్దని చెబుతూ మూడు శత్రువుల పేర్లు చెబుతారు: చిమ్మట, తుప్పు, దొంగ. (కంగారు పడకండి, మతం మార్చే ఉద్దేశం లేదు.) చిమ్మటకి ఈ బీరువా చాలు. దొంగ కూడా ఇక్కడికే వచ్చాడు. 2018 సెప్టెంబరులో ఇద్దరు వెంటిలేటర్ లోంచి దిగి, ఇదే మ్యూజియంలో వజ్రాలు, కెంపులు పొదిగిన బంగారు టిఫిన్ బాక్సు, కప్పు, సాసరు, స్పూను ఎత్తుకెళ్ళారు. కొద్దిరోజుల్లోనే దొరికిపోయారనుకోండి. దొరికేలోగా వాళ్ళలో ఒకడు ఆ బాక్సులోనే అన్నం తిన్నాడని పోలీసులు చెప్పారు. పోన్లే, వాడైనా వాడాడు!

కొడుకు ఏడో నిజాంది పూర్తిగా రివర్స్. 1937లో టైమ్ పత్రిక ముఖచిత్రం మీదకెక్కిన ప్రపంచ కుబేరుడు, పిసినారితనానికీ అంతే పేరు. జాకబ్ వజ్రాన్ని కాగితాలు ఎగరకుండా పెట్టుకునేవారట. 1995లో కేంద్ర ప్రభుత్వం ఆ వజ్రంతో సహా నగల్ని 218 కోట్లకి కొంది. 1948లో లండన్ బ్యాంకుకి పంపిన పది లక్షల పౌన్ల కేసులోనైతే తీర్పు 2019లో వచ్చింది! ఆయన పోయిన 52 ఏళ్ళకి అన్నమాట. లూకా 12వ అధ్యాయంలో ఒకాయన వచ్చి, అన్నతో ఆస్తి పంపకం తేల్చమని అడిగితే యేసు ఆ పంచాయితీలోకే దిగరు. దానికి బదులు, పంట బాగా పండి పాత కొట్లు పడగొట్టి పెద్దవి కట్టాలనుకున్న రైతు కథ చెబుతారు. ఆ రాత్రే రైతు ప్రాణం పోతుంది.

నాకు ఆ కథలో నచ్చేది ఏంటంటే, రైతు దొంగ కాదు, మోసగాడు కాదు. కష్టపడి పండించుకున్నాడు. మనలాగే. టూ బీహెచ్‌కే నుంచి త్రీ బీహెచ్‌కే, అక్కణ్ణుంచి విల్లా. 2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటినప్పుడు మా ఆఫీసు కేంటీన్లో అందరి మొహాల్లో ఒకటే బాధ, ముందే కొనలేకపోయామని. ఎగ్జిట్ కండిషన్ రాయని లూప్ ఇది. హైక్ వస్తుంది, ఈఎంఐ పెరుగుతుంది, మళ్ళీ హైక్ కావాలి.

పిల్లల ఫీజులు, అమ్మానాన్నల ఆసుపత్రి బిల్లులు కూడా దురాశేనా అని మీరడగొచ్చు. కాదు. ఇవన్నీ మీకు కావాలని తండ్రికి తెలుసు అని అదే అధ్యాయంలో ఉంది. ప్రార్థనలో అడగమన్నది కూడా ఆరోజు తిండి. పేచీ అంతా ఏది ముందు అన్న దగ్గరే. ఈ వారం మీకు మిగిలిన రెండు గంటలు ఇంట్లోవాళ్ళకి వెళ్ళాయా, రీసేల్ ధరలు చూడ్డానికి వెళ్ళాయా?

మావాళ్ళేం తక్కువ తినలేదు. చిలుకూరులో వీసా కోసం ప్రదక్షిణలు చేసేవాళ్ళ మీద జోకులేసే క్రైస్తవులే, చర్చిలో హెచ్1బీ వచ్చిందని సాక్ష్యం చెప్తారు. కారు కొన్నా సాక్ష్యమే, ఫ్లాట్ కొన్నా సాక్ష్యమే. "ప్రభువు దయవల్ల నాకు ఇక చాలు, విల్లా ఆలోచన మానుకున్నాను" అని ఒక్కరు లేచి చెప్పగా నేను వినలేదు. అలా చెబితే ఉద్యోగం పోయిందేమో అనుకుంటారు.

పాతబస్తీలో మా టీమ్ మేట్ ఒకడున్నాడు. రంజాన్ వచ్చిందంటే ఎక్సెల్ షీటు తెరిచి, బంగారంతో సహా లెక్కేసి, రెండున్నర శాతం జకాత్ పైసాతో సహా తీసి పక్కన పెడతాడు. మా యూత్ మీటింగుల్లో మాత్రం దశమభాగం గ్రాస్ మీదా, నెట్ మీదా అని ఇంకా చర్చ నడుస్తోంది. పోయినసారి ఒకతను స్టాక్ యూనిట్లు వచ్చినప్పుడు ఇవ్వాలా, అమ్మినప్పుడు ఇవ్వాలా అని అడిగాడు. పాస్టర్ గారు వచ్చే వారం చెప్తానన్నారు.