పెరటిలో రెండు తేనెపెట్టెలు: అనుభవం ముందు, అప్పు తరువాత

తేనెటీగల పెంపకానికి బ్యాంకు ఋణం లభిస్తుందా అనే ప్రశ్నకు సమాధానం సులభం. లభిస్తుంది. రిజర్వు బ్యాంకు ప్రాధాన్యరంగ నిబంధనలలో పాడి, కోళ్లు, చేపలు, పట్టుపురుగులతో పాటు తేనెటీగల పెంపకాన్ని కూడ వ్యవసాయ అనుబంధ వృత్తిగానే పేర్కొన్నారు. 2025 జనవరి 1 నుండి వ్యవసాయ, అనుబంధ ఋణాలను రెండు లక్షల రూపాయల వరకు ఆస్తి తనఖా లేకుండా ఇవ్వవలసి ఉన్నది. ఇన్ని సదుపాయాలు ఉన్నప్పటికీ, మొదటి సంవత్సరం ఈ పనికి అప్పు చేయవద్దని మనవి. గ్రామీణ ఋణాలను గురించి వ్రాసే పత్రికలో ఈ మాట వింతగా తోచవచ్చును. కారణాలు చదివిన పిమ్మట మీరే నిర్ణయించుకోవచ్చు.

బస్తరు సీమకు దక్షిణపు కొసన, బీజాపూరు జిల్లాలో, తెలంగాణ సరిహద్దును ఆనుకొని ఉన్నది పామేడు. 2007లో దంతెవాడ నుండి విడివడి బీజాపూరు జిల్లా ఏర్పడినది గాని, తమ జిల్లా కేంద్రానికి సరియైన దారి లేక పామేడు ప్రజలు చిరకాలం చెర్ల మీదుగానే రాకపోకలు సాగించారు. కోయ మాటతో పాటు తెలుగు వినిపించే ఊరు అది. చుట్టూ అడవి గేదెల రక్షణకై ఏర్పరచిన అభయారణ్యం. నేరేడు, కానుగ, వేప, చింత, మద్ది, కుంకుడు చెట్లకు అక్కడ కొదువ లేదు. శీతకాలం చివర మొదలైన పూత ఎండలు ముదిరే వరకు ఒకదాని వెంట ఒకటిగా సాగుతుంది. తేనెటీగకు ఇంతకంటె కావలసినదేమున్నది? పెట్టె అమర్చుకోవడానికి పట్నం వారు వెదకికొనే వసతులు పామేడు పెరళ్లకు పుట్టుకతోనే ఉన్నవి.

తేనె ఆ సీమకు కొత్త కాదు. కొత్తది పెట్టె మాత్రమే. ఎత్తైన కొమ్మలకు, కొండచరియలకు అడుగుల కొద్దీ వెడల్పున ఒకే ఒక పెరను వ్రేలాడగట్టే పెద్ద తేనెటీగ, పొదలలో అరచేయంత పెర కట్టే చిన్న తేనెటీగ, చెట్టు తొర్రలలోను పాములపుట్టలలోను వరుసగా పలు పెరలు కట్టే పుట్టతేనెటీగ, ఈ మూడింటినీ అడవి నెరిగిన ప్రతి వ్యక్తీ ఎరుగును. వీటిలో మొదటి రెండూ పెట్టెలో నిలువవు. వెలుతురులో ఒంటి పెర కట్టే జాతులను చీకటి పెట్టెలో ఉంచబూనడం వృథాప్రయాస. మూడవదైన పుట్టతేనెటీగ స్వభావం చేతనే చీకటి గూడు కోరుకొంటుంది గనుక, తొర్రకు బదులు పెట్టె చూపితే అంగీకరిస్తుంది. ఇటాలియన్ జాతి తేనెటీగలను కొని తెచ్చుకొనమని మీతో ఎవరైనా చెప్పవచ్చు. 1960 దశకంలో హిమాచల్‌లోని నగ్రోటాలో నిలదొక్కుకొని దేశమంతటా వ్యాపించిన ఆ జాతి తేనె ఎక్కువ ఇచ్చే మాట నిజమే. అయితే దానికి ఎడతెగని పూత కావాలి. పొద్దుతిరుగుడు, ఆవాల పంటల వెంట పెట్టెలను లారీలలో త్రిప్పగల వారికి అది తగును. ఒక పెరటిలో కదలకుండా రెండు పెట్టెలు ఉంచుకొనే వారికి మన పుట్టతేనెటీగయే తగినది. వర్రోవా అనే పరాన్నజీవి నల్లి ఇటాలియన్ గుంపులను పీల్చి పిప్పి చేస్తుండగా, తరతరాలుగా దానితో సహజీవనం చేసిన మన ఈగ ఆ నల్లిని ఒడలి నుండి తానే దులిపివేసుకొంటుంది.

ఈ ఎన్నికలో ఒక నష్టమూ ఉన్నది, దాచవలసిన పని లేదు. పుట్టతేనెటీగల పెట్టె సంవత్సరానికి సాధారణంగా మూడు నుండి ఎనిమిది కిలోల తేనె మాత్రమే ఇస్తుంది. రెండు పెట్టెలు సక్రమంగా సాగితే ఇంటికి చాలి, కొంత అమ్మకానికి మిగులును. దానితో కిస్తీలు తీరవు. మొదటి సంవత్సరం అసలు తేనె రాకపోవచ్చు కూడ. కనుకనే ఈ పనిని తొలుత సరదాగా, చేతిలో ఉన్న కొద్దిపాటి సొమ్ముతో మొదలుపెట్టమని చెప్పడం.

రెండవ కారణం చరిత్రలో ఉన్నది. 1991-92లో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ తెగులు దక్షిణాదిన పుట్టతేనెటీగలపై విరుచుకుపడినది. కేరళ, కర్ణాటక, తమిళనాడు ప్రాంతాలలో నూటికి తొంభైకి పైగా గుంపులు నశించినవని అంచనాలు చెబుతున్నవి. పిల్ల పురుగు గూటిలోనే నీటి సంచివలె ఉబ్బి చనిపోతుంది. దానికి నేటికీ మందు లేదు. ఆ తెగులును తట్టుకొని బ్రతికిన గుంపుల సంతతియే క్రమంగా మళ్లీ విస్తరించినది. ఈగలు పోయిన పిమ్మట పెంపకందారుకు మిగిలేవి వట్టి పెట్టెలే. అప్పుకు మాత్రం ఏ తెగులూ సోకదు. గేదె చనిపోతే చర్మమైనా మిగులుతుంది, ఎగిరిపోయిన తేనెటీగ ఏమీ మిగల్చదు. ఈ సంగతి తెలియకుండా ఇరవై పెట్టెలకు దరఖాస్తు వ్రాసేవారిని చూసినప్పుడు భయం కలుగుతుంది.

ఇక పెట్టె విషయం. 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అనే మతాచార్యుడు ఒక చిన్న సంగతి గమనించాడు. పెరకూ పెరకూ నడుమ ఈగలు తిరుగాడడానికి సరిపడే ఇరుకు సందు, అనగా సుమారు మూడు ఎనిమిదవ వంతుల అంగుళం, వదలినట్లయితే ఈగలు దానిని మైనంతో పూడ్చివేయవు, అందులో మరొక పెర కట్టవు. ఆ సందు ఉంచి చట్రాలు అమర్చినందుననే పెరలను ఊడబెరకకుండా ఒక్కొక్కటిగా పైకి తీసి చూడగలుగుతున్నాము. మన ఈగ చిన్నది గనుక ఆ కొలత ఇంకొంచెం తగ్గాలి. 1910 ప్రాంతంలో తిరుచిరాపల్లిలో న్యూటన్ అనే ఫాదరీ మన ఈగకు తగినట్లు రూపొందించిన పెట్టె ఆయన పేరుతోనే నేటికీ వాడుకలో ఉన్నది. మీ ఊరి వడ్రంగికి కొలతలిస్తే బాగా ఎండిన, ఘాటైన వాసన లేని కలపతో చేసి ఇవ్వగలడు. రంగు వేయదలచితే వెలుపలి వైపునే వేయించండి. కొలతలలో మాత్రం ఉజ్జాయింపు పనికిరాదు. సందు పెరిగితే ఈగలు అడ్డదిడ్డంగా పెరలు కట్టి చట్రాలను కలిపివేస్తాయి. అప్పుడు పెట్టెకూ తొర్రకూ భేదమే ఉండదు.

ఒక పెట్టె చాలదా అని అడుగవచ్చు. చాలదు. ఒక గుంపులో రాణి చనిపోయినట్లయితే, రెండవ పెట్టె నుండి అప్పుడే పెట్టిన గుడ్లూ లేత పురుగులూ ఉన్న ఒక చట్రాన్ని తెచ్చి ఇందులో ఉంచాలి. కూలి ఈగలు ఆ లేత పురుగులలో కొన్నింటిని ఎన్నుకొని, ప్రత్యేకమైన పాలు మేపి, కొత్త రాణిని తయారు చేసుకొంటాయి. ఒంటి పెట్టె ఉన్న వారికి ఈ అవకాశం లేదు. రాణి లేని గుంపు కొద్ది వారాలలో క్షీణించి అంతరిస్తుంది. పైగా రెండింటినీ ప్రక్కప్రక్కన చూస్తున్నప్పుడు ఏది బలంగా ఉన్నదో, ఏది నీరసించినదో కొత్తవారికి కూడ తెలుస్తుంది. ఇంతకంటె మంచి గురువు దొరకడు.

పెట్టెను ఉదయపు ఎండ తగిలి మధ్యాహ్నం నీడ పడే చోట, తూర్పు ముఖంగా, రెండడుగుల ఎత్తు కోళ్ల బల్లపై ఉంచండి. బల్ల కోళ్లను నీటి మూకుళ్లలో నిలిపితే చీమలు ఎక్కవు. చీమలను తేలికగా తీసుకోవద్దు, ఒక్క రాత్రిలో గుంపును వెళ్లగొట్టగలవు. పిల్లలు ఆడుకొనే చోటికి, పశువులను కట్టే చోటికి పెట్టె వాకిలి ఎదురుగా ఉండరాదు. పామేడు వంటి ఊళ్లలో మరొక అతిథిని గురించి కూడ ఆలోచించాలి. ఎలుగుబంటికి తేనె వాసన సోకితే పెట్టె నిలువదు. అది పెరటిలోకి వచ్చిన ఇంట మనుష్యులకూ ప్రమాదమే. మీ ఇల్లు అడవి అంచునే ఉండి, రాత్రివేళ ఎలుగుల సంచారం ఉన్నట్లయితే ఈ సరదా మానుకోవడమే మేలు. ఊరి నడుమ ఇండ్లు ఉన్నవారు చేసుకొనవచ్చును.

మన పుట్టతేనెటీగకు ఉన్న పెద్ద దోషం పారిపోవడం. ఆకలి వేసినా, మైనపు పురుగు పట్టినా, మాటిమాటికీ మూత తెరిచి వేధించినా గుంపంతా లేచి వెళ్లిపోతుంది. వానాకాలంలో పూత ఉండదు. జూన్ నుండి సెప్టెంబరు వరకు పంచదార, నీరు సమపాళ్లలో కలిపిన పానకాన్ని సాయంత్రం వేళ చిన్న పాత్రలో పుల్లలు వేసి లోపల ఉంచండి. పగలు పెడితే పొరుగు గుంపులు దోపిడీకి వస్తాయి. వారానికి ఒకసారి, అదీ ఎండ కాసే ఉదయం పూట, పొగ డబ్బాతో కొద్దిగా పొగ చూపి తెరవండి. అంతకు మించి ముట్టుకోవద్దు. కుట్టినప్పుడు ముల్లును గోటితో వెంటనే గీకివేయండి. ఆలస్యమైన కొద్దీ విషం లోపలికి పోతుంది. ఎవరికైనా ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఊపిరాడక పోతే క్షణం జాగు చేయక ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. ఆసుపత్రి దూరమైన ఊళ్లవారు ఇంటిలో అటువంటి తత్వం గలవారు ఉన్నారేమో ముందే విచారించుకోవాలి.

ఇప్పుడు మందుల డీలరు మిత్రులతో ఒక మాట. మిరప కోతల కాలంలో బస్తరు పల్లెల నుండి కూలీలు గోదావరి తీరపు తోటలకు తరలివస్తారు. ఆ తోటలలో 2021లో నల్ల తామరపురుగు చెలరేగిన నాటి నుండి పిచికారీల సంఖ్య ఎంత పెరిగినదో మీకే బాగా తెలుసు. పుట్టతేనెటీగ సాధారణంగా ఒక కిలోమీటరు పరిధిలో మేత వెదుకుతుంది. అందుచేత పెట్టె యజమాని ఏ మందూ కొట్టకున్నా, పొరుగు రైతు కొట్టిన మందుకు అతని ఈగలు బలియగును. ఉదయం బాగున్న గుంపు సాయంత్రానికి వాకిట కుప్పగా పడి ఉన్నదంటే కారణం వేరే వెదకనక్కరలేదు. ఇమిడాక్లోప్రిడ్, ఫిప్రోనిల్ వంటివి తేనెటీగకు ఎంత విషమో శాస్త్రజ్ఞులందరికీ తెలిసినదే. ఇమిడాక్లోప్రిడ్‌తో సహా మూడు మందుల వాడకాన్ని ఆరుబయట పొలాలలో ఐరోపా దేశాలు 2018లో నిషేధించినవి. మన దగ్గర అవి అమ్ముడవుతూనే ఉన్నవి. అమ్మవద్దని ఇక్కడ కోరడం లేదు. సీసా చేతికిచ్చేటప్పుడు, పూత మీద ఉదయం పూట కొట్టవద్దని, ఈగలు గూటికి చేరిన పిమ్మట సాయంత్రం కొట్టుమని, పొడి మందు ఈగ నూగుకు అంటుకొని గూటిదాకా పోతుంది గనుక ద్రవరూపపు మందు మేలని చెప్పడానికి మీకు ఖర్చేమీ లేదు. రైతు మీ మాట వింటాడు. చాలాచోట్ల వ్యవసాయాధికారి కంటె మీ మాటకే విలువ ఎక్కువ. పెంపకందారు కూడ పొరుగువారిని ముందు రోజే తెలియజేయమని కోరి, ఆ దినం వాకిలికి గాలి ఆడే జాలి అడ్డుపెట్టి, తడి గోనె కప్పి ఉంచుకోవాలి. ఒక్క దినం కంటె ఎక్కువ అలా మూయరాదు.

కందిరీగల నుండి తేనె నాణ్యత దాకా చెప్పవలసినవి ఇంకను చాలా ఉన్నవి. రెండింటిని మాత్రం ప్రస్తావిస్తాను. పెరలో ముప్పాతిక వంతు గదులకు మైనపు మూత పడిన తరువాతనే తేనె తీయండి. పచ్చి తేనెలో నీరు ఎక్కువై పులిసిపోతుంది, నూటికి ఇరవై పాళ్లకు మించి తేమ ఉన్న తేనె ఆహార భద్రతా నిబంధనలకు నిలువదు. నీటిలో చుక్క వేసి చూసే పరీక్షలను నమ్ముకొని బేరాలు చేయవద్దు, బియ్యపు పాకం కలిపిన తేనె కూడ ఆ పరీక్షలో నెగ్గును. పుట్టిన బిడ్డ నాలుకపై తేనె నాకించడం మన ఇండ్లలో ఆచారం. సంవత్సరం నిండని పసివారికి ఎంత శుద్ధమైన తేనెయైనా పెట్టరాదని వైద్యులు చెబుతున్నారు, దానిలో ఉండగల సూక్ష్మజీవి బీజాలను తట్టుకొనే శక్తి ఆ వయసు ప్రేగులకు లేదు.

అడవి తేనె సేకరణ మాట వేరు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం తేనెను చిన్న తరహా అటవీ ఉత్పత్తులలో పేర్కొని, దానిపై అడవి బిడ్డలకు హక్కు కల్పించినది. కేంద్ర ప్రభుత్వం 2020లో అడవి తేనెకు కిలో 225 రూపాయల కనీస మద్దతు ధర ప్రకటించినది. కాగడాతో పెరను కాల్చి, పిల్ల పురుగులతో సహా పిండే పద్ధతికి బదులు, తేనె ఉన్న భాగాన్ని మాత్రమే కోసి పిల్లల గూడు విడిచిపెట్టినట్లయితే అదే చెట్టుకు తిరిగి తేనె దక్కే అవకాశం ఉన్నది. పెట్టె పెంచి, పిల్లపురుగు ఎన్ని రోజులకు ఈగ అవుతుందో కంటితో చూసిన యువకుడు కాగడా ఎత్తడానికి సంకోచిస్తాడని నా నమ్మకం. ఈ ఒక్క లాభం కొరకైనా పామేడు పెరళ్లలో పెట్టెలు ఉండవలెను.

ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. తెరిచిన తేదీ, ఈగలు కప్పిన చట్రాల సంఖ్య, ఇచ్చిన పంచదార, తీసిన తేనె, పారిపోయిన గుంపులు, అన్నీ వ్రాయండి. రెండు సంవత్సరాల తరువాత మీ రెండు పెట్టెలు ఆరైనట్లయితే, మరో ఇరవైకి ఋణం కోరుతూ ఆ పుస్తకంతో బ్యాంకుకు రండి. అట్టి దరఖాస్తును త్రోసిపుచ్చడం ఏ మేనేజరుకూ సులభం కాదు. కిస్తీలను తేనె తీసే వేసవి మాసాలకు జరిపి పెట్టమని అప్పుడే అడగండి. నెలనెలా కట్టే షరతుకు ఒప్పుకోవద్దు. వానాకాలంలో ఈగలకు పంచదార మీరే పెడుతుంటారు, ఆ నెలల్లో రాబడి ఎక్కడిది?

గుంపును పట్టి పెట్టెలోకి మార్చడానికి వానలు వెనుదిరిగిన అక్టోబరు, నవంబరు మాసాలు అనుకూలం. తొర్రలోని పెరలను జాగ్రత్తగా కోసి, పిల్లలున్న భాగాలను అరటినారతో చట్రాలకు కట్టి, రాణిని లోపలికి చేర్చితే మిగిలినవి అనుసరిస్తాయి. మొదటిసారి అనుభవజ్ఞుని వెంటబెట్టుకొనిపొండి. అప్పటికి పెట్టెలు సిద్ధంగా ఉండాలంటే వడ్రంగికి శ్రావణంలోనే చెప్పి ఉంచండి, దసరా దగ్గరపడితే ఆయన చేతికి దొరకడు.