సార్ ఎప్పుడొస్తారు?

ఇల్లు కొనాలని హైదరాబాద్‌లో నాలుగు నెలలు తిరిగాను. ముగ్గురు బ్రోకర్లు ఇళ్లు చూపించారు. ముగ్గురూ మొదట అడిగింది ఒకటే: "సార్ ఎప్పుడొస్తారమ్మా?" డబ్బు నాది. బ్యాంకు అప్పు నా జీతం మీద. అయినా బేరం మాట్లాడాలంటే మగవాడు కావాలి! తోడుగా వచ్చిన మా తమ్ముడితో ధర, కాగితాల సంగతి మాట్లాడారు. నాకేమో వంటగది గట్టు, పూజగది చూపించారు.

ఇంత చిన్న విషయానికి గొడవెందుకు అనే వాళ్లున్నారు. స్త్రీని కాగితాల దగ్గరకు రానివ్వకపోతే ఆస్తి దగ్గరకు రానివ్వనట్టే. నేను ఈసీ, లింకు డాక్యుమెంట్లు అడిగితే ఒకాయన "అవన్నీ మీకెందుకమ్మా, నేనున్నానుగా" అన్నాడు. ఆయన ఎవరి తరఫున ఉన్నాడు? కొనేవారి దగ్గరా, అమ్మేవారి దగ్గరా కమీషన్ పుచ్చుకుంటాడు. ధర పెరిగితే ఆయన శాతమూ పెరుగుతుంది. మరొకాయన జీపీఏ మీదున్న ఫ్లాటును "రిజిస్ట్రేషన్‌తో సమానమే" అంటూ అంటగట్టబోయాడు. జీపీఏ అమ్మకంతో యాజమాన్య హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చి చెప్పింది.

చట్టం ఉంది కదా అంటారు. 2016 నాటి రెరా చట్టం కింద రిజిస్టరైన ప్రాజెక్టుల్లో ఇళ్లమ్మే ఏజెంట్లు తామూ నమోదు చేసుకోవాలి. కానీ పాత ఇంటిని ఒకరి నుంచి మరొకరికి ఇప్పించే బ్రోకరుకు ఈ నమోదు అక్కర్లేదు. చిన్న జీతాల స్త్రీలు చాలామంది వెతుక్కునేది ఆ పాత ఇళ్లనే! ఈ బ్రోకర్లనూ చట్టం కిందకు తేవాలని మనం అడగాలి.

పుట్టింటి ఆస్తిలో వాటా కోసం మనం ఏళ్ల తరబడి పోరాడాం. 2005లో ఉమ్మడి ఆస్తిలో హిందూ కూతుళ్లకు దేశమంతటా సమాన హక్కు వచ్చింది. మరి సొంత కష్టార్జితంతో కొనే ఇంటి గురించి మన సంఘాలు ఎంత మాట్లాడాయి? ఈసీ చదవడం ఎన్ని సమావేశాల్లో నేర్పాం? దాన్ని సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో మనమే తీసుకోవచ్చు. రిజిస్టర్ కాని ఒప్పందాలు అందులో కనిపించవు కాబట్టి లింకు డాక్యుమెంట్లు మన వకీలుకు చూపించాలి. కమీషన్ ఎంతో, ఎవరెవరి దగ్గర తీసుకుంటున్నాడో బ్రోకరు చేత ముందే రాయించుకోవాలి. ఇవన్నీ తేలేదాకా అడ్వాన్సు ఇవ్వకూడదు.

నాలుగో బ్రోకరూ అదే ప్రశ్న వేశాడు. "సార్ ఎవరూ రారు. కొనేది నేను. ముందు కాగితాలు తీయండి" అన్నాను. తీశాడు.