మాసిన ఓడే అసలు ఓడ

బొగ్గుబాయిల ఊళ్ళో యుద్ధనౌక బొమ్మ ఏమిటని మమ్మల్ని అడగనివాళ్ళు లేరు. మందమర్రికి సముద్రం లేదు, రేవు లేదు. మనకు తెలిసిన పెద్ద నీరు మంచిర్యాల దగ్గరి గోదావరి. అయినా మేం ముగ్గురం విద్యార్థులం పధ్నాలుగు నెలలు కూర్చొని విక్రాంత్ నౌకను నూరో వంతు కొలతలో కట్టాం. దాని గొప్ప చెప్పుకోవడానికి కాదు ఈ వ్యాసం. కట్టడం వల్ల నాకు కలిగిన ఒక అభిప్రాయాన్ని అధ్యాపకుల ముందు, తోటి విద్యార్థుల ముందు, ఈ కాలేజీలో చదివి వెళ్ళిన పెద్దల ముందు పెట్టాలని.

అభిప్రాయం ఇది: చేతిపనిని చదువులో భాగంగా లెక్కించని కాలేజీ సగం కాలేజీయే. ఇంకొకటి కూడా ఉంది. చేసిన వస్తువును నిగనిగలాడించి చూపడం కన్నా, అది పనిచేసినప్పుడు ఎలా మాసిందో అలా చూపడమే నిజాయితీ.

మొదట లెక్కల సంగతి చూద్దాం. విక్రాంత్ పొడుగు సుమారు 213 మీటర్లు. నూరో వంతంటే 2 మీటర్ల 13 సెంటీమీటర్లు, నులకమంచం కన్నా పెద్దది. ఇంతవరకు ఎవరైనా చెబుతారు. మరి బరువో? పూర్తి సరంజామాతో అసలు ఓడ బరువు దాదాపు 19,500 టన్నులు. దాన్ని నూరుతో భాగిస్తే 195 టన్నులు వస్తుంది. అంత బరువును లారీలు కూడా ఒక్క ట్రిప్పులో మోయలేవు! పొడుగు నూరోవంతు అయినప్పుడు వెడల్పూ నూరోవంతే, లోతూ నూరోవంతే. కనుక బరువు పది లక్షలో వంతు అవుతుంది, అంటే పందొమ్మిదిన్నర కిలోలు. ఈ ఘనపు సూత్రం ఇంటర్మీడియెట్‌లో అందరం చదివిందే. అయితే పొనికి చెక్కతో చేసిన తేలిక ఓడ సిమెంటు తొట్టిలో బెండులా పైకి తేలి ఒరిగిపోతుంటే, ఇంకా ఎన్ని కిలోల ఇనుప ముక్కలు అడుగున పరవాలో లెక్క వేసుకున్న రోజునే అది నాకు ఒంటబట్టింది.

ఆ ఇనుమును ఎంత కిందికి పెడితే ఓడ అంత నిలకడగా ఉంటుంది. పెద్దపెద్దవాళ్ళే ఈ విషయంలో దెబ్బతిన్నారు. 1870 సెప్టెంబరులో బ్రిటిష్ వారి 'కెప్టెన్' అనే యుద్ధనౌక గాలివానకు తలకిందులై సుమారు 480 మందిని పొట్టన పెట్టుకుంది. పై బరువు ఎక్కువై, నీటి పైన ఉండవలసిన గోడ తక్కువై ఆ ఘోరం జరిగింది. దాన్ని రూపకల్పన చేసిన కోల్స్ కూడా అందులోనే మునిగిపోయాడు. 1872లో విలియం ఫ్రూడ్ అనే ఇంజనీరు ఇంగ్లండులోని టార్కీలో పొడుగాటి నీటితొట్టి కట్టి, అందులో చిన్న నమూనాలను లాగుతూ పెద్ద ఓడల నడకను లెక్కకట్టాడు. ఆయన సూత్రం ప్రకారం నమూనా వేగం పొడుగుల నిష్పత్తికి వర్గమూలం. నూటికి వర్గమూలం పది. విక్రాంత్ వేగం 24.5 నాట్లు గనుక మన బొమ్మ వేగం అందులో పదోవంతు, సెకనుకు సుమారు ఒకటింపావు మీటరు. మనిషి మామూలుగా నడిచే నడక అన్నమాట! ఇది పిల్లల ఆట అనుకునేవారు ఒక్కసారి విశాఖపట్నం వైపు చూడాలి. అక్కడ 1969లో ఏర్పడిన నౌకాదళ శాస్త్ర సాంకేతిక ప్రయోగశాలలో 500 మీటర్ల పొడుగు తొట్టి ఉంది. మన యుద్ధనౌకల నమూనాలను లాగి పరీక్షించేది అందులోనే. బొమ్మ బాగుంటేనే ఓడ బాగుంటుంది.

ఇక పని సంగతి. ప్లైవుడ్డు పలకలు కోసి వెన్నుగాడికి పక్కటెముకల్లా నిలబెట్టాం. వాటిమీద పొనికి చెక్క బద్దలు పరిచాం. నిర్మల్ బొమ్మలు చేసే ఆ చెక్క మన పాత ఆదిలాబాద్ జిల్లా అడవుల్లోనిదే. మెత్తగా ఉంటుంది, ఉలికి లొంగుతుంది. సందులు పూడ్చడానికి బజారు లుప్పం వాడలేదు. కొండపల్లి పనివాళ్ళలాగా చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి మక్కు చేసుకున్నాం. బాయిలో టింబర్‌మన్‌గా పనిచేసి దిగిపోయిన మా బాపు ఒకరోజు వచ్చి ఓడ పక్కన వేలితో కొట్టి చూసిండు. "ఈడ బద్ద పట్టలేదు, లోపల బోలుంది" అన్నడు. విప్పి చూస్తే నిజమే. పైకప్పు కూలేముందు దిమ్మె చేసే చప్పుడు విని మనుషుల్ని బయటికి పంపినవాడికి కట్టె మాట తెలియకుండా ఎట్లుంటది? ఆయన ముప్ఫై ఏళ్ళ ఆ చెవికి ఏ విశ్వవిద్యాలయమూ మార్కులు వేయలేదు. ఆయన కొడుకునైన నాకు మాత్రం, పుస్తకంలో ఉన్నది అప్పజెప్పినందుకు ఫస్ట్ క్లాసు ఇచ్చారు. ఇదేం న్యాయమో పెద్దలే చెప్పాలి.

తర్వాత రంగు. ప్రైమరు పూతతోనే తప్పులన్నీ బయటపడతాయి. నున్నగా ఉందనుకున్న చోట గీత కనిపిస్తుంది, మళ్ళీ ఎమ్రీ కాగితం పట్టాలి. నీటిగీతకు కింద ఎరుపు, గీత వెంట నల్లటి పట్టీ, పైన బూడిద రంగు. మెరుపు రంగు వాడకూడదు. వంద మీటర్ల దూరం నుంచి చూసిన ఇనుము మెరవదు. గాలి పొర అడ్డం వచ్చి ముదురు రంగు కాస్త వెలిసినట్టు కనిపిస్తుంది. కనుక డబ్బాలోని రంగులో కొంచెం తెలుపు కలపాలి.

అసలు కష్టం ఆ తర్వాతే మొదలవుతుంది. కొత్త పెళ్ళికూతురులా ఉన్న ఓడను సముద్రంలో తిరిగివచ్చిన ఓడగా మార్చాలి. ఇందులో ఇష్టమొచ్చినట్టు మురికి పూయడానికి వీల్లేదు. ప్రతి మరకకూ ఒక కారణం ఉండాలి. లంగరు గొలుసు రాసుకునే రంధ్రం దగ్గర రంగు పోతుంది, ఉప్పునీరు తగులుతుంది, అక్కడే తుప్పు పుడుతుంది. పుట్టిన తుప్పు నీటితోపాటు కిందికే జారుతుంది గాని పక్కకు పాకదు. ఓడ ముందుకు పోతుంటే పొగ వెనక్కి పోతుంది కనుక పొగగొట్టానికి పైఅంచున, వెనకవైపున మసి ఎక్కువ. విమానాలు దిగే చోట చక్రాల నల్లటి చారలు ఉంటాయి. అలాగని ఓడంతా తుప్పు పట్టించినా అబద్ధమే. నౌకాదళంలో నావికులు ఎప్పటికప్పుడు గీకి రంగు వేస్తూనే ఉంటారు. మన కొలతలో ఒక మిల్లీమీటరు చుక్క అసలు ఓడమీద పది సెంటీమీటర్ల మచ్చ. మనిషి ఎత్తు పదిహేడు మిల్లీమీటర్లు. ఇది మరిచి కుంచె ఆడించామా, ఓడకు బదులు పాత డ్రమ్ము తయారవుతుంది. మసికి మేం బజారుకు పోలేదు, మందమర్రి బొగ్గును గుడ్డలో జల్లించి వాడాం. తుప్పుకు ఎర్రమొరం పొడి పనికొచ్చింది.

బొగ్గుకూ యుద్ధనౌకకూ సంబంధం లేదనుకునేవారికి ఒక మాట. విక్రాంత్ నూనెతో ఆవిరి పుట్టించుకున్న ఓడే. కాని అంతకు ముందటి తరాల ఆవిరి ఓడలు చాలావరకు బొగ్గు తిన్నవే. 1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు మీద గుండ్లు కురిపించి బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులను తగలబెట్టిన జర్మన్ ఓడ ఎండెన్, పట్టుకున్న ఓడల నుంచి బొగ్గు ఎక్కించుకుంటూ హిందూ మహాసముద్రమంతా తిరిగింది. అలాంటి ఓడ కింది అంతస్తులో కొలిమి ముందు పార పట్టుకున్న మనిషికీ, బాయిలో తట్ట పట్టుకున్న ఫిల్లర్‌కూ ఒంటిమీది నలుపు ఒకటే. ఫొటోల్లో మాత్రం పైడెక్కు మీది అధికారులే ఉంటారు.

ఒక ప్రదర్శనకు ఈ ఓడను తీసుకుపోయాం. ఏ ఊరో, ఎవరు పెట్టారో ఇక్కడ అనవసరం. చూడవచ్చిన ఒక పెద్దమనిషి, "మంచిగ చేసి గిట్లెందుకు ఖరాబు చేసిన్రు? కొత్తరంగు ఏసి తెస్తే బహుమతి ఇద్దుముగదా" అన్నారు. బహుమతి దుకాణంలో కొన్న భాగాలు అతికించిన ఒక నిగనిగల మేడకు పోయింది. నాకు బహుమతి పోయినందుకు బాధ లేదు. మనకు పనిచేసిన వస్తువంటే చిన్నచూపు, పనిచేయని వస్తువంటే మోజు ఉన్నాయే, దానికే బాధ. బాయి దుస్తుల్లో ఇంటికి నడిచివచ్చే మనిషిని చూసి పక్కకు జరిగే చూపూ, ఈ చూపూ ఒకటి కావా?

ఇంకొక అభ్యంతరం దీనికన్నా బరువైనది. మా స్నేహితుల్లోనే ఒకడు అడిగాడు: "చంపే ఓడను ముద్దు చేయడం దేనికిరా?" నేనిది కొట్టిపారేయను. యుద్ధాన్ని పండుగ చేసుకునేవారి పక్షాన నేను లేను. 1971 డిసెంబరు 4న విక్రాంత్ మీదినుంచి లేచిన సీహాక్ విమానాలు కాక్స్ బజార్ మీద దాడి చేశాయి. అంతకుముందు రాత్రి విశాఖ రేవు బయట పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ మునిగిపోయింది. విక్రాంత్ విశాఖలోనే ఉందని నమ్మించడానికి రాజ్‌పుత్ అనే పాత నౌక విక్రాంత్ పేరుమీద వైర్‌లెస్ సందేశాలు పంపిందనీ, దాని డెప్త్ ఛార్జీలకే గాజీ మునిగిందనీ మన నౌకాదళం చెబుతుంది. పాకిస్తాన్ చెప్పేది వేరు. ఎవరి మాట ఎలా ఉన్నా అందులో ఉన్న తొంభై మందికి పైగా మనుషులు తిరిగి ఇళ్ళకు పోలేదు. అయిదు రోజుల తర్వాత మన కుక్రీ మునిగి 194 మంది పోయారు. నిగనిగలాడే ఓడను చూస్తే ఈ మనుషులు గుర్తుకురారు. తుప్పు చారలున్న ఓడను చూస్తే, ఆ తుప్పు గీకినవాడెవడు, ఆ మసి మింగినవాడెవడు అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న పుట్టించిన బొమ్మ యుద్ధానికి చాకిరీ చేయదు.

పైగా అసలు విక్రాంత్ ఇప్పుడు లేదు. 1961 మార్చి 4న బెల్‌ఫాస్ట్‌లో మన దళంలో చేరి, 1997 జనవరి 31న విరమించింది. బొంబాయిలో కొన్నాళ్ళు ప్రదర్శనశాలగా ఉండి, 2012లో మూతపడి, 2014లో తుక్కుకింద అమ్ముడుపోయింది. ఆ ఇనుములో కొంత కరిగించి 2016లో మోటారుసైకిళ్ళలో వాడారు. అదే పేరుతో కొత్త ఓడ 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో దళంలో చేరింది. పేరు మిగిలింది. మరి పాత ఓడ ఎలా ఉండేదో, ఏ మూల ఎలా మాసేదో చెప్పేవి ఫొటోలూ నమూనాలే.

మన బాయిల సంగతి కూడా ఇంతే. 1889లో ఇల్లందులో బొగ్గు తీయడం మొదలైన ఈ సింగరేణిలో ఒకప్పుడు లక్ష మందికి పైగా పనిచేశారు. ఇప్పుడు అందులో సగం మంది కూడా లేరు. భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి, ఓపెన్‌కాస్టులు పెరుగుతున్నాయి. ఇంకో ఇరవై ఏళ్ళకు దిమ్మె ఎలా నిలబెడతారో, హాలర్ తాడు ఎక్కడ అరుగుతుందో, దీపాల గది గోడమీద ఏ ఎత్తున చేతుల మసి అంటేదో చెప్పగలిగేవాళ్ళు ఉండరు. విక్రాంత్‌ను తుక్కు చేసేముందు కొలతలు తీసినవాళ్ళు చాలామంది ఉన్నారు. మన బాయిని ఎవరు కొలిచారు?

అందుకే ఈ సంచిక ద్వారా విద్యార్థి సంఘానికి నా విన్నపం. ఏడాదికోసారి పూలదండలకూ మైకుసెట్లకూ పెట్టే ఖర్చులో కొంత తగ్గించి ఒక గదిలో బల్ల, బిగింపు పట్టు, రంపాలు, ఉలులు పెట్టించండి. నిర్మల్ నుంచి ఒక పనివాణ్ణి వారం రోజులు పిలిపించి, గెస్టు లెక్చరర్‌కు ఇచ్చే గౌరవమే ఇచ్చి కూర్చోబెట్టండి. ఎన్.సి.సి. నేవీ వింగ్‌లో ఓడ నమూనాల పోటీ ఎన్నాళ్ళుగానో ఉంది. ఆ వింగ్ లేనంత మాత్రాన మనకు చేతులు లేకుండా పోలేదు. భౌతికశాస్త్రం సారు తేలుడు లెక్క చూస్తారు, రసాయనశాస్త్రం మేడమ్ తుప్పు సంగతి చెబుతారు, చరిత్ర సారు 1971 చెబుతారు. ఆడపిల్లలు రంగు వేయడానికే కాదు, రంపం పట్టడానికీ రావాలి.

ఓడతో మొదలుపెట్టమని ఎందుకంటున్నానంటే, దాని నక్షలు, ఫొటోలు దొరుకుతాయి, పని నేర్చుకోవడానికి వీలు. నేర్చిన చేతితో రెండో ఏడు ఒక బాయిని కట్టాలి. దానికి నక్షలు మనమే గీయాలి, కొలతలు మనమే తీయాలి, చెప్పేవాళ్ళు మన ఇళ్ళలోనే ఉన్నారు, ఇంకా ఉన్నారు. కట్టినప్పుడు మాత్రం ఒక్క షరతు: దయచేసి దానికి కొత్తరంగు వేసి తేవద్దు.