కొండమీది బేకను, కొండక్రింది పంది

టోలిచౌకినుండి షేక్‌పేట మీదుగా ఫిలింనగరు దారి పట్టి జూబ్లీహిల్సు కొండ నెక్కుటకు ఎంతో కాలము పట్టదు. ఆ కొద్దిపాటి దారిలోనే ఒక జంతువునకు రెండు జన్మలు కలుగుచున్నవి. కొండమీది అంగళ్లలో, చల్లని అరలయందు, గాలి తీసిన సంచిలో, పలుచగా కోసి పరదేశపు ముద్ర వేసి యుంచినప్పుడు దాని పేరు బేకను. దానిని కోడిగ్రుడ్లతో వేచుకొని తినుట నాగరకత. అదే జంతువు ఎరుకలవాని దొడ్డిలో పెరిగి ఆదివారమునాడు వాని కత్తికి వచ్చినప్పుడు దాని పేరు పంది. దానిని తినుట నీచము. పేరు మార్చినంతనే నీచము నాగరక మగునా? ఈ ప్రశ్న వేయుటకే నేడు కలము పట్టితిమి.

బేకననగా నేమి? పంది పొట్టభాగమును గాని వీపుభాగమును గాని ఉప్పులో ఊరవైచి, కొన్ని దినము లుంచి, పెక్కుచోట్ల పొగబెట్టి నిలువచేసిన మాంసము. అంతకుమించి అందు మంత్రమేమియు లేదు. మన పల్లెలలో మాలమాదిగవాడల తల్లులు మాంసమును సన్నముగా చీరి, ఉప్పును పసుపును పట్టించి, దండెముమీద ఎండవైచి ఒట్టితునకలు చేసికొనుట తరతరాల విద్య. ఉప్పుచే నీటిని లాగి మాంసమును చెడకుండ కాపాడు సూత్రము రెండింటికిని ఒక్కటియే. ఆ దండెమును చూచి ముక్కు మూసికొని నడచినవాడే, ఇంగ్లాండునందలి విల్ట్‌షైరు సీమవారు ఉప్పునీట ఊరవైచిన దానిని చూచి లొట్టలు వేయుచున్నాడు. వీనికి కంపు కొట్టినది మాంసము కాదు, వాడ.

"ఇది మన సంప్రదాయము కాదు" అని కొందఱు పెద్దలు సెలవిచ్చుచున్నారు. ఏ సంప్రదాయము, అయ్యా? కాకతీయుల లాంఛనము వరాహము. మన తాతలు మూటగట్టిన బంగారు నాణెము వరహా. కల్యాణచాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్దమున రచించిన మానసోల్లాసమున పందిని వేడినీటితో గాని గడ్డిమంటతో గాని శుభ్రపఱచి వండు విధానము రాజభోగములలో నొకటిగా చెప్పబడినది. నేడు ఎరుకలవాడు వాడకొసను గడ్డిమంటవేసి చేయుచున్నదియు అదియే. 1535 ప్రాంతమున విజయనగరమును గూర్చి వ్రాసిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్, ఆ రాజులు గోమాంసము తప్ప తక్కిన మాంసము లెల్ల, పందిమాంసముతో సహా, భుజింతురని వ్రాసినాడు. ఇక కాళహస్తి మాటయో? తిన్నడు అడవిపంది మాంసమును కాల్చి, రుచిచూచి, మేలైన ముక్క లేఱి శివునకు నైవేద్యము పెట్టెను. శివుడు మైలపడలేదు. తినువాని కులము చూచి మైలపడువారు మనమే.

ఫిలింనగరువారు ఈ కథను ఎఱుగరా? ఎఱుగుదురు. 1976లో భక్త కన్నప్ప వచ్చినది. 2025లో మరల కన్నప్ప వచ్చినది. 2018లో అదుగో అను చిత్రమున పందిపిల్లయే నాయకుడు. తెరమీద బోయవాని నైవేద్యమునకు కన్నీరు కార్చుదుము. పందిపిల్ల ఆటలకు చప్పట్లు చఱతుము. ఇంటికి వచ్చిన పిమ్మట పందులు పెంచువాడు వీథిలో కనబడిన మొగము చిట్లింతుము.

అంతియే కాదు. ఆ పందులు పెంచు జాతికి తెర యిచ్చిన వేషమేమి? దొంగవేషము. స్టూవర్టుపురము పేర 1991లో చిత్రములు వచ్చినవి. 2023లో టైగర్ నాగేశ్వరరావు వచ్చినది. స్టూవర్టుపురము ఎట్లు పుట్టెనో ప్రేక్షకులలో ఎందఱికి తెలియును? 1871నాటి నేరస్థజాతుల చట్టమును ఆంగ్లప్రభుత్వము 1911లో సవరించి మద్రాసు రాజధానికి విస్తరింపజేసెను. పుట్టుకచేతనే మనుష్యుడు నేరస్థుడని ఆ చట్టము తీర్మానించెను. 1913లో బాపట్ల సమీపమున ఎరుకలవారిని చేర్చి, సాల్వేషన్ ఆర్మీ పాలనలో నుంచి, ఒక దొరపేరు పెట్టిన కాలనీయే అది. స్వతంత్ర భారతమున 1952లో ఆ చట్టము రద్దయ్యెను. చట్టము పోయినది; చూపు పోలేదు. పరదేశి పాలకుడు వేసిన ముద్రను స్వదేశి తుడువకుండుట స్వరాజ్యమా?

"పంది మురికి తినును, రోగము తెచ్చును" అని మఱియొక వాదము. ఇందు నిజమెంత? పందిమాంసమునందు బద్దెపురుగు తిత్తులుండుట కలదు. బాగుగా ఉడికించిన అవి చచ్చును. మెదడున తిత్తులు కట్టి మూర్ఛలు తెచ్చు వ్యాధి మాత్రము మాంసమువలన సూటిగా వచ్చునది కాదు. ఆ పురుగు కడుపునగల మనుష్యుని మలమునుండి గ్రుడ్లు నీటిని కూరలను చేరి, శాకాహారిని సైతము పట్టును. పంది రోగగ్రస్త మగుటయు ఆ మలము తినుటచేతనే. కావున దోషము పందిది కాదు. మరుగుకాలువ కట్టని ఊరిది. ఊరు చేసిన మురికిని తిని బ్రదుకు జంతువును, దానిని నమ్మి బ్రదుకు మనిషిని ఊరే నిందించుట ఎక్కడి న్యాయము?

శుభ్రముగా పెంచు మార్గము లేకపోలేదు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమువారు నాటుపందిని యార్క్‌షైరు జాతితో సంకరము చేసి టి-17 అను మేలురకమును సిద్ధపఱచినారు. కేంద్రప్రభుత్వము 2021లో సవరించిన పథకమున 100 ఆడుపందుల మందకు 30 లక్షల రూపాయల వఱకు సహాయధనము ప్రకటించెను. మంచిదే. కాని పది పందులు గల ఎరుకలవానికి నూఱు పందులెక్కడివి? వానిని కట్టుటకు భూమి యెక్కడిది? పెట్టుబడిలో తనవంతు సగ మెవ డిచ్చును? సొమ్ము గలవానికి సొమ్ము, లేనివానికి పురపాలకుల వల. ఇదియే నేటి ధర్మము.

ఒక్క హెచ్చరిక చేయవలసియున్నది. టోలిచౌకియందు ముస్లిము కుటుంబములు పెక్కు. వారికి పందిమాంసము ధర్మనిషిద్ధము. వారి నియమమును మేము మనసార గౌరవింతుము. మా వాదము వారితో కాదు. పొరుగువానిని నొప్పించుటకు ఈ మాంసమును ఆయుధముగా వాడువాడు తిండి ప్రియుడు కాడు, కలహప్రియుడు. వాని నీ పత్రిక సమర్థింపదు. మన యింట వండుకొను స్వేచ్ఛయు, పొరుగింటి గడపయెడల మర్యాదయు ఒకదాని కొకటి విరోధములు కావు. మా వాదము తాను తినుచు తెచ్చినవానిని ఏవగించుకొనువానితో.

తినదలచినవారు స్వదేశి తినుడు. కిలో పొట్టమాంసమునకు 25 గ్రాముల ఉప్పు, 10 గ్రాముల బెల్లము, దంచిన మిరియాలు పట్టించి, మూతపెట్టి, ఫ్రిజ్జునందు ఏడు దినము లుంచి, దినమున కొకమాఱు త్రిప్పుడు. పిదప కడిగి, తడియార్చి, ఆవిరిమీద బాగుగా ఉడికించి, చల్లార్చి, పలుచగా కోసికొనుడు. చల్లని మూకుడులో పెట్టి సన్నని సెగను వేచిన దాని కొవ్వు దానినే వేచును; నూనె యక్కఱలేదు. మిగిలిన కొవ్వులో గోంగూర మ్రగ్గించి చూడుడు. విల్ట్‌షైరువాని కా రుచి యెఱుకయే లేదు. అయినను మితము వలయును. ఊరవైచిన మాంసము నిత్యము తినుట పేగు రాచపుండునకు కారణమని ప్రపంచారోగ్యసంస్థకు చెందిన పరిశోధనసంఘము 2015లో తేల్చినది. దినమునకు 50 గ్రాములు తినువారికి ఆ యపాయము నూటికి 18 వంతులు హెచ్చునట. పండుగకు తినుడు, ప్రతిదినము వలదు.

పురపాలకులను మే మడుగునవి మూడే: శుభ్రమైన వధశాల, పశువైద్యుని పరీక్ష, చిన్న పెంపకందారునకు అనుమతిపత్రము. పఠనమందిరములందు దీనిని చదువు పెద్దల నడుగునది ఒక్కటే. ఎల్లుండి ఆదివారము. కొండమీది అరను తెఱచుటకు ముందు, ఎరుకలవాని యంగడి కొకపరి పొండు. ధర గీచి బేరమాడక, వానిని "అన్నా" యని పిలిచి కొనుడు. వాని మాంసమునకు ఉప్పు మన యింట నున్నది. వాని మనుగడకు వలసిన మర్యాదయు మన యొద్దనే యున్నది. దానిని ఏ పరదేశపు సంచిలోను వెదకనక్కఱలేదు.