గురి నేర్వాలంటే పాయింట్ టూ టూ చాలు

డాలస్‌లోనో అట్లాంటాలోనో స్థిరపడిన తెలుగువాళ్లలో కొందరికి వారాంతం షూటింగ్ రేంజికి వెళ్లి రావడం కొత్త సరదా అయింది. సరదాలో తప్పేమీ లేదు. పొరపాటల్లా మొదటి రైఫిల్ కొనేటప్పుడే జరుగుతోంది. కొట్లో అడుగుపెట్టగానే చూపు పెద్ద క్యాలిబర్ మీదికి పోతుంది. వెయ్యి గజాల దూరం కొడుతుందని చెప్పే 6.5 క్రీడ్‌మోరో, 308 వించెస్టరో ఇంటికొస్తుంది. నాలుగుసార్లు కాల్చాక తూటాల బిల్లు భయపెడుతుంది, భుజం నొప్పి పెడుతుంది, రైఫిల్ బీరువా ఎక్కుతుంది. తీరిక దొరికినప్పుడు కాగితం మీద చుక్కను కొట్టాలనుకునే మనిషికి ఇంత హంగామా అక్కర్లేదు. మామూలు పాయింట్ టూ టూ బోల్ట్ యాక్షన్ రైఫిల్ చాలు. చాలడమే కాదు, గురి నేర్చుకోవడానికి అంతకన్నా మంచిది లేదు.

చిన్న తూటా అని తీసిపారేయనక్కర్లేదు. 22 లాంగ్ రైఫిల్ తూటాను అమెరికాలోని స్టీవెన్స్ కంపెనీ 1887లో తెచ్చింది. దాని బుల్లెట్ బరువు సాధారణంగా 40 గ్రెయిన్లు, అంటే రెండున్నర గ్రాముల పైచిలుకు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్‌లో మహారాష్ట్ర కుర్రాడు స్వప్నిల్ కుసాలే కాంస్యం గెలిచింది ఈ తూటాతోనే. ఆ పోటీలో టార్గెట్ నడుమ పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. యాభై మీటర్ల దూరం నుంచి చిటికెన వేలి గోరంత చోటును మళ్లీ మళ్లీ కొట్టగలిగే తూటాను పిల్లల ఆటవస్తువు అనడం న్యాయం కాదు.

ఎన్‌సీసీ చేసినవాళ్లకు ఈ తూటా కాల్చే రైఫిల్ పాత పరిచయమే. నేల మీద బోర్లా పడుకుని, 25 గజాల అవతలి టార్గెట్ మీద అయిదు రౌండ్లు కాల్చి, ఖాళీ కేసులు ఏరి హవల్దారుకు లెక్క అప్పజెప్పింది దీనితోనే. పిడి పైకెత్తి వెనక్కి లాగితే ఖాళీ కేసు టంగుమని పక్కకు ఎగిరిపడుతుంది. ముందుకు తోసి కిందికి దించితే కొత్త తూటా ఛాంబర్‌లో కూర్చుని బోల్ట్ బిగుసుకుంటుంది. ఒక్కో తూటాకూ ఇంత పని ఉంది. అదే దీని గొప్ప. సెమీ ఆటోమేటిక్ చేతిలో ఉంటే పది తూటాలు పది సెకన్లలో అయిపోతాయి, ఏది ఎందుకు పక్కకు పోయిందో తెలియదు. బోల్ట్ తిప్పే ఆ రెండు మూడు సెకన్లలో మనిషి ఊపిరి సర్దుకుంటాడు, బుగ్గ మళ్లీ స్టాక్‌కు ఆనిస్తాడు, ఇందాక ట్రిగ్గర్‌ను నొక్కాడో గుంజాడో గుర్తు చేసుకుంటాడు. పెద్ద క్యాలిబర్‌తో మొదలుపెట్టినవాళ్లకు ఇంకో జబ్బు అంటుకుంటుంది. భుజానికి తగిలే దెబ్బకు భయపడి ట్రిగ్గర్ పడకముందే ఒళ్లు బిగబట్టుకుంటారు. ఆ అలవాటు ఒకసారి పట్టిందంటే వదిలించుకోవడం కష్టం.

ఇక డబ్బు లెక్క. మామూలు 22 తూటా అమెరికాలో పది సెంట్లకు అటూ ఇటూగా దొరుకుతుంది. 308 తూటా చవకరకం చూసుకున్నా డాలరుకు దగ్గర పడుతుంది. నెలకు 200 తూటాలు కాలిస్తే ఏడాదికి 2,400. ఒకచోట 240 డాలర్లు, ఇంకోచోట 2,400. రైఫిల్ ధరలో వంద డాలర్లు మిగిలాయని మురిసిపోయి పెద్ద క్యాలిబర్ కొన్నవాళ్లు ఈ గుణకారం వేసుకోవడం లేదు. గురి కుదిరేది కాల్చిన తూటాల వల్లే. తూటాలు కాల్చడానికి జంకేలా చేసే రైఫిల్ ఎంత మంచిదైనా గురి నేర్పదు.

ఏది కొనాలంటే, బడ్జెట్ బిగుతుగా ఉన్నవాళ్లకు సావేజ్ మార్క్ 2. కెనడాలోని లేక్‌ఫీల్డ్‌లో తయారవుతుంది, ధర 300 డాలర్లకు అటూ ఇటూ. ప్లాస్టిక్ స్టాక్ గట్టిగా పట్టుకుంటే కాస్త వంగుతుంది, పనితనంలో నాజూకు తక్కువ. కానీ ట్రిగ్గర్ బాగుంటుంది, దాని బరువును కొన్నవాళ్లే తగ్గించుకోవచ్చు. ఈ శతాబ్దం మొదట్లో సావేజ్ అక్యూట్రిగ్గర్ అనే ఈ ట్రిగ్గర్ తెచ్చాకే మిగతా కంపెనీలు కూడా చవక రైఫిళ్ల ట్రిగ్గర్లను పట్టించుకోవడం మొదలుపెట్టాయి. దీనికన్నా కొంచెం ఎక్కువ ధరలో రూగర్ అమెరికన్ రిమ్‌ఫైర్ ఉంది. ఆ కంపెనీవాళ్ల 10/22 రైఫిల్ మ్యాగజైన్లే దీనికీ సరిపోతాయి, బుగ్గ ఆనించే చోటు ఎత్తు మార్చుకోవచ్చు. చెయ్యి 500 డాలర్ల పైకి సాగేవాళ్లు చెక్ దేశపు సీజెడ్ 457 చూడాలి. బోల్ట్ పిడి 60 డిగ్రీలు ఎత్తితే చాలు కాబట్టి పైనున్న స్కోపుకు వేళ్లు తగలవు. వాల్‌నట్ కర్రతో చేసిన దాని స్టాక్ చేతికి ఇచ్చే హాయి వేరు. పదేళ్లు వాడేవాళ్లకు సీజెడ్, అసలు ఈ సరదా నిలుస్తుందో లేదో తెలియనివాళ్లకు సావేజ్. అంతకు మించి ఖర్చు పెట్టడం మొదటి ఏడాదిలో దండగ.

కొన్నాక ఒక పని తప్పకుండా చేయాలి. నాలుగైదు రకాల తూటాలు ఒక్కో పెట్టె తెచ్చి, 50 గజాల దగ్గర ఒక్కో రకంతో పదేసి రౌండ్లు కాల్చి గ్రూపింగ్, అంటే రంధ్రాలు ఎంత దగ్గరగా పడ్డాయో చూసుకోవాలి. ఒకే మోడల్ రైఫిళ్లు రెండు కూడా ఒకే తూటాను ఇష్టపడవు. వేగం ఎక్కువైతే మేలనుకోవడం పొరపాటు. సెకనుకు 1,235 అడుగుల వేగంతో బయల్దేరే సీసీఐ కంపెనీ మినీ మ్యాగ్ బుల్లెట్ దారిలో ధ్వనివేగం కన్నా కిందికి దిగుతుంది, ఆ దిగేచోట తడబడే ప్రమాదం ఉంది. 1,070 అడుగులతో పోయే సీసీఐ స్టాండర్డ్ మొదటినుంచీ ధ్వనివేగం కిందే ఉంటుంది. కాగితం మీద గురికి నిదానంగా పోయేదే నమ్మకస్తురాలు. స్కోపు కూడా 22 కోసం 50 గజాలకు సరిచేసి అమ్మేది తీసుకోవాలి.

ఆరు నెలల్లో 22 మీద మొహం మొత్తుతుందని కొట్లో చెప్పేవాళ్లు ఉంటారు. గురి నేర్పే ప్రాజెక్ట్ యాపిల్‌సీడ్ వాళ్ల శిక్షణకు ఒక్కసారి వెళ్తే ఆ మాట నిలబడదు. 25 గజాల దగ్గరే, ఎక్కువ దూరాల్లో ఉన్నట్టు కనిపించేలా చిన్నవి చేసిన టార్గెట్లు పెట్టి కాల్పిస్తారు. 22 చేతిలో ఉన్న పెద్దలు కూడా చెమటలు కక్కుతారు. ఒహాయోలోని క్యాంప్ పెర్రీలో జరిగే రిమ్‌ఫైర్ స్పోర్టర్ పోటీ అయితే ఏడున్నర పౌండ్లు దాటని మామూలు రైఫిళ్ల కోసమే పెట్టింది.

అమెరికాలోని మనవాళ్లకు వీటన్నిటికన్నా ముందు తెలియాల్సింది చట్టం. హెచ్1బీ, ఎఫ్1 వంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉండటం వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. రేంజిలో అద్దెకు తీసుకుని కాల్చినా ఇదే రూలు. శిక్ష 15 ఏళ్ల జైలు దాకా ఉండొచ్చు, వీసా సంగతి సరేసరి. స్నేహితులు తీసుకెళ్లారనో ఫొటో కోసమనో రేంజికి వెళ్లే విద్యార్థులకు ఈ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి.

2024లో అక్కడ చదువుకుంటున్న తెలంగాణ విద్యార్థి ఒకరు తుపాకీ శుభ్రం చేస్తుండగా అది పేలి చనిపోయిన వార్త ఇక్కడి పత్రికల్లో కూడా వచ్చింది. బోల్ట్ యాక్షన్ అయినా జాగ్రత్త లేకపోతే ప్రమాదమే, కాకపోతే జాగ్రత్తపడటం ఇందులో తేలిక. మ్యాగజైన్ తీసి, బోల్ట్ వెనక్కి లాగి, ఛాంబర్‌ను కంటితో చూసి వేలితో తడిమి, ఆ తర్వాత బోల్ట్‌ను పూర్తిగా బయటికి తీసి వేరే చోట తాళం వేయొచ్చు. పిల్లలున్న ఇంట్లో ఈ పని ఒక్కరోజు కూడా మానకూడదు.

హైదరాబాద్‌లో, విజయవాడలో ఉన్నవాళ్లకు దారి వేరు. ఆయుధాల చట్టం ప్రకారం 22 రైఫిల్‌కు లైసెన్సు కావాలి. పాయింట్ 177 క్యాలిబర్, 20 జౌళ్ల శక్తి దాటని ఎయిర్ రైఫిల్‌కు అక్కర్లేదు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండన్‌లో కాంస్యం తెచ్చింది ఎయిర్ రైఫిల్‌తోనే.

అమెరికాలోని తెలుగు సంఘాలు క్రికెట్, వాలీబాల్ పోటీలు ముచ్చటగా పెడుతున్నాయి. అర్హత ఉన్నవాళ్లకు ఏడాదికి ఒక్కసారైనా 22 రైఫిల్‌తో భద్రతా శిక్షణ ఏర్పాటు చేయాలి. కొత్తగా దిగే విద్యార్థులకు ఇచ్చే సూచనల్లో వీసా రూలును తెలుగులో అచ్చువేసి చేతికివ్వాలి.