పిడికెడు గింజల గుడి

ఎసరు పెట్టి బియ్యం కొలిచేటప్పుడు, "నాకంటూ సంపాదన లేదు, నేనేం ఇవ్వగలను?" అని మీకెప్పుడైనా అనిపించిందా? అయితే డోర్నకల్ ఆడవాళ్ల సంగతి వినండి.

మన కె.కోటపాడు నుంచి అనకాపల్లి వచ్చి, విజయవాడ మీదుగా సికింద్రాబాదు వెళ్లే రైలెక్కితే, ఖమ్మం దాటాక డోర్నకల్ జంక్షన్ వస్తుంది. ఇప్పుడది తెలంగాణలో మహబూబాబాద్ జిల్లా. అక్కడి ఎపిఫనీ కెథెడ్రల్‌కి గుమ్మటాలున్నాయి, మీనార్లున్నాయి, గుడి మండపాన్ని తలపించే స్తంభాలూ ఉన్నాయి. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది.

దాన్ని కట్టించిన బిషప్ అజరయ్యగారిది తిరునెల్వేలి ప్రాంతం. 1909లో డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. భార్య అన్బు మరియమ్మాళ్‌గారు ఆయన పనిలో చేదోడువాదోడు. 1898లో వాళ్ల పెళ్లి కట్నం లేకుండానే జరిగిందట!

ఆ సంఘంలో ఎక్కువమంది దళిత కూలీలు. కూలి గింజల్లోనే వచ్చేది, చేతిలో పైసా ఆడేది కాదు. అయినా పేదవాళ్లు ఇచ్చుకుంటేనే అది వాళ్ల సొంత సంఘం అవుతుందని అజరయ్యగారి నమ్మకం. అందుకు దారి వంటింట్లోనే దొరికింది. వండే ముందు ఇల్లాలు ఒక పిడికెడు గింజలు తీసి వేరే కుండలో వేసేది. పోగైనవి గుడికి చేరేవి. కోతల పండుగకు ధాన్యం, కోళ్లు, కూరగాయలు కూడా తెచ్చేవారు.

చూశారా! పుచ్చుకోవడమే తప్ప ఇవ్వడం ఎరగరని లోకం అనుకున్న ఇళ్లల్లోంచి ఆ గింజలు వచ్చాయి. ఇచ్చిన చెయ్యి ఇల్లాలిది.

మనమూ లెక్క వేద్దామా? పిడికెడు సుమారు 50 గ్రాములు అనుకుంటే, రెండు పూటలకీ 100 గ్రాములు. నెలకి 3 కిలోలు, ఏడాదికి 36 కిలోల పైమాటే! మూత బిగువుగా ఉన్న డబ్బా ఒకటి కేటాయించండి. పురుగు పట్టకుండా బాగా ఎండిన వేపాకు నాలుగు రెబ్బలు వేయండి. నెలాఖరుకి ఖాళీ చేసేయండి. గుడికిస్తారో, చర్చికిస్తారో, వీధి చివర ఒంటరి ముసలమ్మకిస్తారో మీ ఇష్టం.

ఇంట్లో ఎవరినీ అడగక్కర్లేదు. కొలిచే చెయ్యి మీదే కదమ్మా!